కుట్లున్న రెక్క, కుట్లు లేని రెక్క

తొంభైల నడుమ మా కళాశాల ఒక ప్రత్యేక సంచిక వేయాలనుకుంది. రెండో ప్రపంచయుద్ధపు రోజులను చూసిన పెద్దలు ఈ చుట్టుపక్కల ఇంకా చాలామంది ఉండేవారు. వారి జ్ఞాపకాలను సేకరించి, సరిచూసి, మరుసటి ఏడాది దసరా నాటికి అచ్చుకు సిద్ధం చేసే బాధ్యత నాకు అప్పగించారు. భౌతికశాస్త్రం చెప్పేవాడికి చరిత్ర పని ఎందుకని అడిగితే, "సరిచూడడం మీకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు కదండీ" అన్నారు ప్రిన్సిపాల్ గారు. అది పొగడ్తో ఫిర్యాదో అప్పుడు నేను విచారించలేదు.

ధవళేశ్వరంలో మేము అద్దెకున్న ఇంటి యజమాని కూడా ఎనిమిది పేజీలు రాసిచ్చారు. కాలువల మీది లాకు తలుపులు బాగుచేసే వర్కుషాపులో పనిచేసి రిటైరైన మనిషి. డెబ్బై దాటాయి. పైవాటాలో మేము, కిందివాటాలో ఆయన, ఆయన భార్య. వారిని నేను బాబాయిగారు, పిన్నిగారు అని పిలిచేవాడిని. వారు నన్ను మాస్టారూ అనేవారు. పద్దెనిమిదో ఏట ఇంట్లో చెప్పకుండా వెళ్ళి సైన్యంలో చేరాననీ, వంగదేశంలోని ఒక విమాన స్థావరంలో హరికేన్ అనే యుద్ధవిమానాలకు గుడ్డ తొడిగే పని చేశాననీ ఆ ఎనిమిది పేజీల సారాంశం.

ఊళ్ళో వినిపించే కథనం వేరు. ఆయన సైన్యానికి వెళ్ళిన మాట నిజమేగానీ, అక్కడ చేసింది వంటపని అని చెప్పుకునేవారు. ఎవరు ఎవరి దగ్గర విన్నారో తేలలేదు. పిన్నిగారు ఏ పక్షమూ వహించేవారు కాదు. ఆయన విమానాల సంగతి ఎత్తగానే, "మొదలయ్యిందండీ, ఇక కూర మాడినా నాకు తెలీదు" అంటూ లోపలికి వెళ్ళిపోయేవారు.

నేను ఆధారం అడిగాను. సర్వీసు పుస్తకం ఎనభై ఆరు వరదలో ట్రంకుపెట్టెతో సహా పోయిందన్నారు. ఫొటో లేదు. కలిసి పనిచేసినవారు ఉన్నారో పోయారో తెలియదు. ఎనభై ఆరులో వరద వచ్చిన మాట నిజం. అయితే ఆ వరదలో కొట్టుకుపోయాయని చెప్పే కాగితాలన్నీ అంతకుముందు ఉన్నవేనా అన్నది నా సందేహం. వ్యాసాన్ని పక్కన పెట్టాను.

మరునాడు సాయంత్రం ఆయన మెట్లెక్కి పైకి వచ్చారు.

"మాస్టారూ, నాది వేయట్లేదటగా."

"ఆధారం లేదండి బాబాయిగారూ. మీరు అబద్ధం చెబుతున్నారని నా ఉద్దేశం కాదు."

"నిజం చెబుతున్నాననీ కాదు కదా."

"కాదండి."

ఆయన గోడ పట్టుకుని నిలబడ్డారు. "పోనీ ఒకటి కట్టి చూపిస్తే?"

"ఏంటండీ కట్టేది?"

"హరికేను. ఐదోవంతు సైజులో. గుడ్డ తొడిగి, ఎగిరేలా."

"అది ఎగిరితే మీరు విమానం కట్టగలరని తెలుస్తుందండి. యాభై ఏళ్ళ కిందట ఎక్కడున్నారో తెలియదు."

"ముందు అక్కడిదాకా రండి. మిగతాది తర్వాత చూద్దాం" అని దిగి వెళ్ళిపోయారు.

అలా మొదలైంది. మాట ఇచ్చిన మనిషి కంటే మాట అడిగిన మనిషికి ఎక్కువ పని పడుతుందని అప్పటికి నాకు తెలియదు. కాకినాడలో ఒక యువ దంతవైద్యుడు రేడియోతో నడిచే చిన్న విమానాలు ఎగరేస్తాడని విని, ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళి కలిశాను. విషయం వినగానే అతను రోగిని కుర్చీలో నోరు తెరిపించి ఉంచి, పక్కగదిలోంచి విదేశీ పత్రికల కట్ట తెచ్చాడు. ఎనిమిదడుగుల రెక్కలున్న విమానం తన జన్మలో ఎగరేయలేదనీ, రేడియో సామగ్రి అంతా తనే ఇస్తాననీ, ఎగరేసే అవకాశం మాత్రం ఇంకెవరికీ ఇవ్వకూడదనీ షరతు పెట్టాడు.

అసలు హరికేన్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు నలభై అడుగులు. మాది ఎనిమిది. బాబాయిగారు వర్కుషాపు రోజుల్లో మిగిలిన ట్రేసింగు కాగితం మీద ముందుగా తన జ్ఞాపకంలోంచి బొమ్మ గీశారు. దంతవైద్యుడు ఇచ్చిన నమూనా చిత్రాన్ని దాని పక్కన పరిచి నేను సరిచూశాను. ముక్కు పొడవు ఆయన బొమ్మలో తక్కువ. చక్రాలు మడిచే తీరు పూర్తిగా తప్పు. అయితే వెనక సగం శరీరానికి లోపల సన్నని చెక్కబద్దలు, పైన గుడ్డ మాత్రమే ఉంటాయని ఆయన అన్నది ఒప్పు. యుద్ధవిమానమంటే అంతా రేకే అయి ఉంటుందని అంతవరకు నేను అనుకునేవాడిని.

"ఇదైనా ఆధారం కాదా మాస్టారూ?"

"పుస్తకంలో ఉన్న సంగతి పుస్తకం చదివి కూడా చెప్పవచ్చు కదండీ."

"ఇంగ్లీషు పుస్తకం చదివి అర్థం చేసుకోగలనని మీరు నమ్ముతున్నారన్నమాట. పోన్లెండి, అదైనా సంతోషం."

కింది వరండా మొత్తం విమానం ఆక్రమించింది. రెక్కల అడ్డుపట్టీలకు, బొమ్మలు చెక్కే తేలికపాటి పొణికి కర్ర తెప్పించాం. శరీరం పొడవునా నడిచే బద్దలకు కర్ర బదులు వెదురు వాడుదామన్నది ఆయన ఆలోచన. ఒకే బరువుగల వెదురు, పొణికి బద్దలకు తూకపురాళ్ళు వేలాడదీసి చూస్తే వెదురే గెలిచింది. రెక్కల కొసలకు, చేపల వలలకు కట్టే బెండును చెక్కి గుండ్రం చేశాం. ఇంజను చేలల్లో మందు కొట్టే పవర్ స్ప్రేయరుది. దాని డబ్బా, గొట్టం తీసేసి, పంకా బిగించి మొదటిసారి తాడు లాగిన రోజున వరండాలో ఆరేసిన బట్టలన్నీ ఎదురింటి ప్రహరీ మీద తేలాయి. పిన్నిగారు ఒక్కొక్కటీ ఏరుకుంటూ, "విమానం ఎగిరినా ఎగరకపోయినా, చీరలు మాత్రం ఎగిరాయి" అన్నారు.

ఆయన పని తీరును నేను శ్రద్ధగా గమనించేవాడిని. కొలిచిన ప్రతిదాన్నీ రెండోసారి అవతలి కొస నుంచి కొలిచేవారు. జిగురు పెట్టిన చోట వేలితో నొక్కి చూడకుండా, చెవి దగ్గర పెట్టుకుని గోటితో తట్టి వినేవారు. లాకు తలుపుల పనిలోనూ ఇలాగే వినడం అలవాటు కావచ్చు. ఏ అలవాటు ఎక్కడిదో విడదీసి చెప్పే సాధనమేదీ నా దగ్గర లేదు.

చట్రం పూర్తయ్యేసరికి ఏడాది దాటి మరుసటి ఏప్రిల్ వచ్చింది. ఇక గుడ్డ. ఆయన ఈ పనంతా మొదలుపెట్టింది ఈ ఘట్టం కోసమే. కోనసీమ నేతగాళ్ళ దగ్గర సన్ననూలు పంచెల తాను ఒకటి కొన్నాం. దానిని చట్రం మీద పరచి, పైన పలచని లక్క పూయాలి. ఆరుతున్నకొద్దీ అది గుడ్డను బిగదీసి, డప్పు చర్మంలా చేస్తుంది. ఆయన దానిని డోపు అనేవారు. మాకు దొరికింది ఫర్నిచరుకు వేసే లక్క. దాని వాసన మాగిన అరటిపండు వాసన.

"గుడ్డలో గంజి ఉండకూడదు మాస్టారూ" అన్నారు ఆయన. "నేతగాడు పడుగుకు పట్టించిన గంజి ఉంటుంది చూడండి, అదంతా పోవాలి. గంజి ఉంటే డోపు పోగులోకి దిగదు. పైపైన పొరకడుతుంది. చూడ్డానికి అట్టలా నిగనిగలాడుతుంది గానీ కింద చెక్కను పట్టుకోదు."

ఈ మాటలో నాకు పరీక్షకు అందేది ఒకటి దొరికింది. గంజిని పట్టుకోవడం ఎనిమిదో తరగతి పిల్లవాడికి కూడా తెలుసు. అయోడిన్ చుక్క వేస్తే నీలిరంగు వచ్చితీరాలి. తానును రెండు రోజులు తొట్టిలో నానబెట్టి, నాలుగు నీళ్ళు మార్చి, ఉదయం పిండి దండెం మీద వేశాక, ఒక మూల నుంచి జానెడు ముక్క కత్తిరించి కళాశాలకు తీసుకువెళ్ళాను. అయోడిన్ వేశాను. రంగు మారలేదు. అక్కడితో ఆగలేదు. మిగిలిన ముక్కను పొణికి బద్దకు లక్కతో అతికించి, ఆరనిచ్చి, ఊడిపడేదాకా తూకపురాళ్ళు వేలాడదీశాను. విమానం ఎంత వేగంగా వెళితే రెక్క మీది గుడ్డను గాలి ఎంత బలంతో పైకి లాగుతుందో లెక్కగట్టాను. గుడ్డ పట్టు అవసరమైనదానికి ఎనిమిది రెట్లు ఉంది. ఈ ఫలితాలను ఒక తెల్లకాగితం మీద పట్టికగా రాసి ఆయనకు ఇచ్చాను.

రెండు రోజుల తరువాత ఆ గుడ్డ తానును చేతికి తీసుకున్నప్పుడు ఆయన వేళ్ళు ఒక క్షణం ఆగాయి.

"కాస్త బిరుసుగా లేదూ?"

"ఎండకు ఆరిందండి. అయోడిన్‌తో చూశాను కదా, గంజి లేదు."

"మీరు స్వయంగా చూశారు కదా."

"చూశానండి."

"అయితే సరే" అన్నారు.

ముందుగా ఎడమరెక్కకు తొడిగారు. లక్క ఆరగానే వంకరసూది తీసి, మైనం పట్టించిన దారంతో ప్రతి అడ్డుపట్టీకీ గుడ్డను కుట్టడం మొదలుపెట్టారు. పై నుంచి కిందికి, కింది నుంచి పైకి, అంగుళానికొక ముడి. ముడి మీద సన్నని గుడ్డపట్టీ. దాని మీద మళ్ళీ లక్క. ఆ ఒక్క రెక్కకు పదకొండు రోజులు పట్టింది. ఆ ముడి వేసే తీరు నాకు కొత్తగా కనిపించి కాగితం మీద గీసుకున్నాను. అదే వారంలో గోదావరి ఒడ్డున వల బాగుచేసుకుంటున్న ఒకాయన దాదాపు అదే ముడి వేయడం చూశాను. దాచడం న్యాయం కాదు కనుక ఆ సంగతి బాబాయిగారికి చెప్పేశాను.

"అంటే ఈ ముడి కూడా చెల్లదు."

"చెల్లదని కాదండి. ఇంకో దారిన కూడా వచ్చి ఉండవచ్చు కదా అంటున్నాను."

"పిల్లలు మీ దగ్గర ఎలా పాసవుతున్నారండీ?" అన్నారు, సూది మీదినుంచి తల ఎత్తకుండానే.

కుడిరెక్క దగ్గర చిక్కు వచ్చింది. మే నెల ముగియబోతోంది. దాళ్వా పంట కోతలైన చేలు ఎండి గట్టిపడి ఉన్నది ఆ కొద్దివారాలే. జూన్‌లో కాలువలకు నీళ్ళు వదిలితే విమానం పరుగెత్తడానికి నేల ఉండదు. దంతవైద్యుడికి ఖాళీ ఉన్నది ఒక్క ఆదివారం. దానికి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. కుట్టుకు పదకొండు కావాలి. రంగు సంగతి వేరే.

"మోడలుకు కుట్లెందుకు తాతగారూ? నేను నోట్లోనే వీలైనంతవరకు కుట్లు వేయను" అన్నాడు దంతవైద్యుడు ఫోనులో. నేను పట్టిక ముందు పెట్టాను. ఎనిమిది రెట్లు.

బాబాయిగారు పట్టికను చాలాసేపు చూశారు. "డోపు పట్టుకుంటుంది, కాదనను. అది పట్టుకోనప్పుడు కుట్టు పట్టుకుంటుంది. ఆ రెండోది మీ లెక్కలో ఉందా మాస్టారూ?"

"రెండోదాని అవసరం రాదనే లెక్క చెబుతోందండి."

"లెక్క మీది" అని సూది డబ్బాలో పెట్టేశారు. కుడిరెక్క కుట్లు లేకుండానే పూర్తయింది. కుట్ల బరువు ఎడమవైపు ఎక్కువైనందుకు, కుడి కొసలో వలకు కట్టే చిన్న సీసపు గుండు ఒకటి దాచి సమం చేశాను.

ఆదివారం ఉదయం ఊరికి అవతల ఒక చేలో ట్రాక్టరుతో నేలను తొక్కించి రెండు వందల అడుగుల బాట సిద్ధం చేశాం. గట్టు మీద పాతికమంది చేరారు. పిన్నిగారు గొడుగు వేసుకుని వచ్చి రేగుచెట్టు పక్కన నిలబడ్డారు. ఆకుపచ్చ, మట్టిరంగు మచ్చలతో ఎనిమిదిన్నర కిలోల ఆ విమానం వరి మోడుల నడుమ నిలబడి ఉంటే, చూసినవారు ఒక్కసారి గొంతు తగ్గించి మాట్లాడారు.

ఇంజను అందుకుంది. విమానం పరుగెత్తింది, తోక లేచింది, ఇంకా సగం బాట మిగిలి ఉండగానే చక్రాలు నేలను వదిలాయి. అంత తేలికగా వదులుతాయని నేను అనుకోలేదు. కాలువగట్టు మీదుగా ఎడమవైపు తిరిగి, ఎండలో రెక్కల మీది ప్రతి అడ్డుపట్టీ కనబడేటంత దగ్గరగా మా తలల మీదినుంచి సాగిపోయింది. పాతికమందీ దానిని చూస్తున్నారు. బాబాయిగారు నన్ను చూస్తున్నారు.

"ఎగిరింది కదా మాస్టారూ."

"ఎగిరిందండి."

"ఎగిరిందే" అన్నారు పిన్నిగారు గొడుగు కిందినుంచి.

"ఎగరదనుకున్నావా?"

"మీ మాట మీద ఇంతవరకు ఏది ఎగిరింది కనక?"

మూడో చుట్టులో దంతవైద్యుడు కాస్త వేగం పెంచి కిందికి దించాడు. చాప దులిపినట్టు ఒక చప్పుడు వినిపించింది. కుడిరెక్క పైభాగాన గుడ్డ ఒక్కసారిగా పొంగింది. మరుక్షణం చిరిగి వెనక్కి కొట్టుకోసాగింది. విమానం కుడివైపు ఒరిగింది. "రావట్లేదండి, రావట్లేదు" అంటూ దంతవైద్యుడు రేడియో కర్రను చివరిదాకా లాగి పట్టుకున్నాడు. రెక్క కొస నేలకు తగిలి, ముక్కు మట్టిలో దిగి, మోడుల మీద పది గజాలు ఈడ్చుకుపోయి ఆగింది. గట్టు మీద ఎవరో "దిష్టి" అన్నారు. ఇంకెవరో "కాదెహె, పెట్రోలు అయిపోయింది" అన్నారు.

దంతవైద్యుడు ఇంజను దగ్గరకు పరుగెత్తాడు. బాబాయిగారు నెమ్మదిగా నడిచివెళ్ళి ముందు ఎడమరెక్కను తడిమారు. గుడ్డ ఎక్కడా లేవలేదు. కుట్లు వేసినవి వేసినట్టున్నాయి. అక్కడా ఇక్కడా ఒకే తాను, ఒకే లక్క, ఒకే గాలి. తేడా దారం ఒక్కటే. నా వృత్తిలో అంత శుభ్రమైన ప్రయోగం నేను ఏనాడూ చేయలేదు. ఇది కూడా చేద్దామని చేసింది కాదు.

తరువాత కుడిరెక్క. వేలాడుతున్న గుడ్డ లోపలివైపును ఆయన బొటనవేలితో రుద్దారు. నాలుక కొసకు తాకించుకున్నారు.

"గంజి" అన్నారు.

"అసాధ్యమండి. నేను చూశాను."

"మీరు చూసిన ముక్కలో లేదు. మీరు కాలేజీకి వెళ్ళాక ఈ తాను దండెం మీద ఉంది. మా ఇంట్లో తెల్లటి నూలుగుడ్డ ఏదైనా గంజి చూడకుండా దండెం దిగదు మాస్టారూ. అన్నం వార్చగానే తీసి పెట్టేసి ఉంటుంది. నలుగురూ చూసేదానికి వేసే గుడ్డ నలిగినట్టుంటే బాగుండదని ఆవిడ బాధ. నాకు చేతికి తెలిసింది. కానీ మీ కాగితం చూసి ఊరుకున్నాను."

నేను తలెత్తి గొడుగు వైపు చూశాను. ఆయన వెంటనే అన్నారు: "ఆవిడకు చెప్పకండి."

తరువాత మోడుల మీదే కూర్చుని ఆయన చెప్పింది ఇది. స్థావరంలో ఒకసారి విమానం తోక దగ్గరి చుక్కానికి వేయవలసిన గుడ్డ మురికైతే ఉతికి ఆరేయమని ఆయనకు ఇచ్చారు. బద్ధకించి, భోజనశాలకు వచ్చే ధోబీకి పడేశారు. అతను దొరల చొక్కాలతో పాటు దానినీ గంజిపెట్టి ఇస్త్రీ చేసి తెచ్చాడు. నిగనిగలాడుతుంటే ఈయనే తొడిగారు. నేలమీద ఇంజను పరీక్ష చేస్తూండగా చుక్కాని మీద గుడ్డ బూరెలా పొంగింది.

"నేలమీదే బయటపడింది గనక ఆ పైలటు బతికిపోయాడు. నన్ను పద్నాలుగు రోజులు ఖైదు కొట్లో వేశారు. బయటికొచ్చాక మళ్ళీ విమానం ముట్టుకోనివ్వలేదు. వంటశాలకు పంపారు. నేను గుడ్డపని చేసింది ఏడు నెలలు మాస్టారూ. వంట రెండున్నరేళ్ళు. ఊళ్ళో అనే మాటలో అబద్ధమేం లేదు."

నేను ఇంటికి నడుస్తూ ఆలోచించాను. ఎనిమిది పేజీల వ్యాసంలో ప్రతి వాక్యమూ ఆయనను ఒక మెట్టు ఎక్కించేదే. అటువంటి వాక్యాన్ని అనుమానించడానికి నాకు కారణం ఉంది. ఇప్పుడు విన్నది ఆయనను దించేది, యాభై ఏళ్ళుగా ఆయన దాచుకున్నది. తనను తాను చిన్నబుచ్చుకునే కథను మనిషి ఎందుకు కల్పిస్తాడు? ఇది కాగితానికి సమానమైన రుజువు కాదు. అయినా నేను కాగితం కోసం వెతకడం మానేశాను. నా పట్టికలో తప్పు ఎక్కడుందో కూడా నడుస్తూనే తేల్చుకున్నాను. నమూనా తీసిన తరువాత సరుకు మారలేదని నేను అనుకున్నాను, చూడలేదు. విద్యార్థి రాస్తే సున్నా వేసేవాడిని.

సాయంత్రం ఆయనతో అన్నాను: "మీ వ్యాసం వేస్తానండి. ధోబీ సంగతి చేర్చి."

"అది లేకుండా వేయలేరా?"

"అది లేకపోతే నమ్మడానికి నా దగ్గర ఏమీ లేదండి."

"అది అచ్చయితే ఆవిడ చదువుతుంది. చదివితే విమానం ఎందుకు పడిందో తెలుస్తుంది. వద్దు, వదిలేయండి." ఏడాదికి పైగా ఎండలో చెమటోడ్చి ఆయన సంపాదించుకున్నది అదొక్కటే. ఇంత తేలికగా వదులుకుంటారని నేను ఊహించలేదు. ఆ తరువాతా ఆయన ఒప్పుకోలేదు, సంచిక ఆయన వ్యాసం లేకుండానే వచ్చింది. ఇప్పుడు ఆ ఇద్దరూ లేరు కనుక రాస్తున్నాను.

మరునాడు, ఆయన ఎంత చెప్పినా నా తృప్తి కోసం, చిరిగిన ముక్కను మేడ మీద పరచి లోపలివైపు అయోడిన్ చుక్కలు వేశాను. నల్లగా, నీలంగా మారింది. అప్పుడే పిన్నిగారు వడియాలు తీయడానికి పైకి వచ్చారు.

"ఏంటి మాస్టారూ ఆ మరక?"

"టించరండి."

"గుడ్డకేం గాయమైందనీ?"

ఆవిడ వంగి చూశారు. "మా పిల్లలు చదువుకునేటప్పుడు బంగాళాదుంప మీద వేసేవారు. ఇదే రంగు. గంజా?"

"కుట్లు వద్దన్నది నేనండి. తప్పు నాది."

"నేనది అడగలేదండి."

"గంజేనండి."

ఆవిడ వడియాల పళ్ళెం కింద పెట్టారు. "పల్చగానే పెట్టాను. ఆయనకు తెలుసా?"

"పడిన ఐదు నిమిషాలకే తెలిసిందండి. మీకు చెప్పవద్దన్నారు."

"గంజి ఉందని పంచె కట్టే ఎవరికైనా తెలుస్తుంది. దానివల్లే పడిందని ఆయనకెలా తెలిసింది?"

నేను అడగవలసిన ప్రశ్నే ఆవిడ అడిగారు. సగం జవాబు చెప్పి ఆగడం నాకు చేతకాలేదు. ధోబీ, పద్నాలుగు రోజులు, ఏడు నెలలు, రెండున్నరేళ్ళు, అన్నీ చెప్పేశాను. చెప్పవద్దన్న ఆయన మాట దాటాను. దానికి సమర్థన వెతకను.

ఆవిడ అంతా విన్నారు. తరువాత, "ఇది మాత్రం నిజం మాస్టారూ" అన్నారు.

"ఎలా చెప్పగలరండీ?"

"ఆయన కల్పిస్తే అందులో ఆయనకు తన్నులుండవు."

ఒక కిలోమీటరు నడిచి నేను చేరుకున్న చోటికి ఆవిడ పళ్ళెం ఎత్తుకునేలోగా చేరుకున్నారు.

ఆ సాయంత్రం వరండాలో బాబాయిగారు విరిగిన కుడిరెక్కలోంచి పనికొచ్చే వెదురుబద్దలను వేరుచేస్తున్నారు. నేను పక్కన కూర్చుని పట్టుకుంటున్నాను. పిన్నిగారు మూడు గ్లాసుల కాఫీ తెచ్చి, ఎప్పటిలా లోపలికి వెళ్ళకుండా గడప మీద కూర్చున్నారు.

"ఏవండీ, అక్కడ ఎంతమందికి వండేవారు?"

ఆయన చేతిలోని బద్ద ఆగిపోయింది. నా వైపు చూశారు. నేను కాఫీ వైపు చూశాను.

"రెండు వందల మందికి" అన్నారు చివరికి.

"రెండున్నరేళ్ళూ?"

"రెండున్నరేళ్ళూ."

"అంతకుముందు ఏడు నెలలు గుడ్డపని."

"ఏడు నెలలు."

"నలభై ఆరేళ్ళుగా జ్వరమొచ్చిన రోజున కూడా నేనే లేచి పొయ్యి వెలిగించాను. ఒక్క పూటైనా నోరు విప్పలేదేం?"

"చెబితే వంటవాడనేదానివి."

"ఇప్పుడూ అంటాను. ఏడు నెలలు విమానాలకు గుడ్డ తొడిగిన వంటవాడంటాను. తప్పా?"

ఆయన ఆ వాక్యాన్ని, జిగురు పెట్టిన చోటును వినే తీరులోనే, తల కొంచెం వంచి విన్నారు.

"తప్పు లేదు" అన్నారు.

"అయితే ఆదివారం పప్పు మీరే చేయండి. మాస్టారిని కూడా పిలుద్దాం. ఉప్పు సరిపోయిందో లేదో, రెండుసార్లు చూసి చెబుతారు."